కాలు కట్టేసుకుని సైకిలు తొక్కడమా?

మా అక్కయ్య కొడుకు కాపురం పిట్టలవానిపాలెంలో. ఆదివారం తెల్లవారుజామున సన్నని టైర్ల రేసు సైకిలెక్కి, బాపట్ల మీదుగా సూర్యలంక సముద్రతీరానికి పోయి, ఎండ ముదరకముందే ఇల్లు చేరడం వాడికి అలవాటు. ఈ మధ్య వాడికో కోరిక పుట్టింది, సైకిలుకు ‘క్లిప్‌లెస్’ పెడళ్లు వేయించాలని. అవి బూటును పెడలుకు బిగించేస్తాయని విన్నది మొదలు అక్కయ్యకు నిద్ర లేదు.

“గేదె అడ్డమొస్తే కాలెలా దింపుతావురా?” అని ఆవిడ ప్రశ్న. తీర్పు చెప్పమని ఇద్దరూ నా మీద పడ్డారు. నేను తొక్కింది పాతకాలపు సైకిలే గాని, మేనమామను గదా, తప్పుతుందా!

ముందు పేరు సంగతి. పూర్వం పందెగాళ్లు పెడలు ముందుండే తొడుగులో బూటు ముక్కు దూర్చి, తోలుపట్టీతో బిగించుకునేవారు. ఆ తొడుగే క్లిప్పు. అది తీసేసి, బూటు అడుగున మరలతో బిగించిన ‘క్లీట్’ అనే బిళ్లను పెడలులోని స్ప్రింగు పట్టుకునేట్టు చేశారు. క్లిప్పు లేదన్న మాటేగాని పట్టు మాత్రం ఉడుముపట్టు సుమండీ!

ఇటలీలో చినెల్లి అనే ఆయన 1971లో చేసిన పెడలుకైతే, వంగి చేత్తో మీట కదిపితేగాని కాలు ఊడేది కాదు. అక్కయ్య ఊహలో ఉన్నది అదే కాబోలు. ఫ్రాన్సులో స్కీలకు బూట్లు బిగించే సాధనాలు చేసే లుక్ కంపెనీ 1984లో ఆ విద్యనే సైకిలుకు తెచ్చింది. మడమను పక్కకు తిప్పితే చాలు, కాలు ఊడి వస్తుంది. మరుసటి ఏడు బెర్నార్డ్ ఈనో వాటితోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. ఆ తరువాత తోలుపట్టీల పని అయిపోయింది.

“కాలు పైకి లాగినా బండి పోతుంది మామయ్యా!” అన్నాడు మావాడు. అదంత నిజం కాదు. నిలకడగా తొక్కేటప్పుడు బలమంతా కిందికి తొక్కడంలోనే ఉంది. జోరుగా తిప్పేటప్పుడూ, గతుకుల్లోనూ పాదం జారకపోవడమే అసలు లాభం. కొండలా గుట్టలా, మన డెల్టాలో ఎక్కవలసిందల్లా కాలవ వంతెనలే!

ఇక చిక్కులు. క్లీటు వంకరగా బిగిస్తే మోకాలు నొప్పి పుడుతుంది. కొత్తలో మడమ తిప్పడం మరచి, ఆగినచోటే నిలువునా పక్కకు ఒరిగిపోవడం చాలామందికి అనుభవమే. మూడు మరల రోడ్డు రకం క్లీటు బూటు అడుగున పొడుచుకొచ్చి బాతునడక నడిపిస్తుంది. జపాన్‌వారి షిమానో కంపెనీ 1990లో తెచ్చిన ఎస్.పి.డి. రకానికి మరలు రెండే. బిళ్ల చిన్నది, బూటు అడుగు గాడిలో ఒదిగి ఉంటుంది గనుక దిగి టీ తాగి రావచ్చు. ఏ రకమైనా మన నల్లరేగడి బురద ఇరుక్కుంటే మాత్రం మొరాయిస్తుంది.

ఒకవైపు ఎస్.పి.డి. పట్టు, రెండోవైపు మామూలు పెడలు ఉన్న జత కొనమన్నాను. బజారులో, కళ్లంలా వడ్లు ఆరబోసిన రోడ్డు మీద, మామూలు వైపే తొక్కాలి. స్ప్రింగు బిగువు బాగా తగ్గించి నేర్చుకోవాలి.

“ఎక్కడ నేర్చుకుంటాడు?” అంది అక్కయ్య.

“మీ దొడ్లో, గడ్డివామి పక్కనే.”

ఆవిడ కాసేపు ఆలోచించి, వామి చుట్టూ ఉన్న ముళ్లకంప తీయించడానికి లేచింది.