మీకు తెలుసా? మాతృభాషపై ఒకనాటి నిషేధము

తెలుగు, మలయాళ, వంగ కుటుంబములు ఒకే మేడలో ఇరుగుపొరుగులై కాపురముండు ఢిల్లీ మహానగరమునందే, గోవింద వల్లభ పంత్ ప్రభుత్వ వైద్యశాలలో, 2021 జూన్ 5వ తేదీన, నర్సులు హిందీ, ఇంగ్లీషు భాషలలో మాత్రమే సంభాషింపవలెననియు, లేనిచో తీవ్రమైన చర్యకు పాత్రులగుదురనియు ఒక ఉత్తర్వు వెలువడినదని మీకు తెలుసా? కొందరు నర్సులు పలుకు మలయాళము రోగులకును సహోద్యోగులకును బోధపడక ఇబ్బంది కలుగుచున్నదను ఫిర్యాదు దానికి హేతువు. రోగితో రోగికి తెలిసిన భాషలో మాటాడుట ధర్మమే, సందేహము లేదు. కాని ఇరువురు కేరళ నర్సులు తమలో తాము పలుకరించుకొనుటయు నేరమగునా? దేశమంతట నిరసనలు చెలరేగగా, ఆ ఉత్తర్వు తమ యెరుకలేక వెలువడినదని చెప్పి, ఆసుపత్రి యాజమాన్యము మరునాడే దానిని ఉపసంహరించెను.

పరుల గడ్డపై జరిగినదాని కేమిగాని, 2009 అక్టోబరులో మన కడప జిల్లా మైదుకూరులోని ఒక పాఠశాలయందు, తెలుగు మాటాడిన బాలుర మెడలో, ఇకపై తెలుగు మాటాడనను ఇంగ్లీషు పలకలు వ్రేలాడదీసిరి! పందొమ్మిదవ శతాబ్దమున వేల్సు దేశపు బడులలో ఇట్టి కొయ్యపలకలే వెల్షు బాలుర మెడలలో వ్రేలాడెను.

ఇట్టి నిషేధములకు భిన్నముగ, మన రాజ్యాంగము 350వ అధికరణము ననుసరించి, కేంద్రమునందు గాని రాష్ట్రమునందు గాని వ్యవహారమున నున్న ఏ భాషలోనైనను, తత్ప్రభుత్వాధికారికి తన మొరను విన్నవించుకొను హక్కు ప్రతి వ్యక్తికిని కలదు.