చిన్న విమానానికి దారేది?

ఉప్పల్ రింగ్‌రోడ్డులో ట్రాఫిక్ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. తలెత్తి చూస్తే మాత్రం ఆకాశం హాయిగా, ఖాళీగా కనిపిస్తుంది. మనకు కనిపించదు గానీ అక్కడా గీతలున్నాయి, అడ్డుగోడలున్నాయి, అనుమతి లేకుండా దాటకూడని గడపలున్నాయి.

మ్యాపు ముందేసుకుంటే విషయం అర్థమవుతుంది. నాచారానికి పడమర బేగంపేట విమానాశ్రయం. ఉత్తరాన వాయుసేన పైలట్లు శిక్షణ పొందే హకీంపేట. ఉప్పల్ నుంచి తిన్నగా దక్షిణానికి వెళ్తే నాదర్‌గుల్ ఎయిర్‌స్ట్రిప్. అక్కణ్నుంచి నైరుతి దిక్కున శంషాబాద్. ఇన్ని రన్‌వేల నడుమ రెండు సీట్ల సెస్నా ఎగరాలంటే... పండగ ముందురోజు కోఠిలో సైకిల్ తొక్కినట్టే!

బేగంపేట రన్‌వే తూర్పు-పడమరలుగా ఉంటుంది. అందుకే తూర్పు నుంచి దిగే విమానాలు మౌలాలి గుట్ట వైపు నుంచే వచ్చేవి. నాచారం, మల్లాపూర్ జనానికి ఆ మోత బాగా అలవాటు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక ప్రయాణికుల సర్వీసులన్నీ అటు వెళ్లిపోయాయి. బేగంపేటలో ప్రముఖుల విమానాలు, సైనిక విమానాలు, శిక్షణ విమానాలు మిగిలాయి. ఇక చిన్నవాటికి అడ్డేముంది అనుకుంటాం. ఉంది. శంషాబాద్ రన్‌వే కూడా తూర్పు-పడమరలే. తూర్పు నుంచి దిగే ఎయిర్‌బస్‌ల దారికి నాదర్‌గుల్ ఎంతో దూరం లేదు, గాల్లో ఏడెనిమిది కిలోమీటర్లు. పెద్ద విమానానికి అది రెండు నిమిషాల దూరం కూడా కాదు.

పెద్ద విమానాశ్రయాల చుట్టూ ఉండేది ‘నియంత్రిత గగనతలం’. టవర్‌లోని కంట్రోలర్ సరే అనందే అందులో అడుగుపెట్టకూడదు. మన దేశంలో ఇంకో మెలిక కూడా ఉంది. ఒక ఊరి నుంచి మరో ఊరికి వెళ్లాలంటే చిన్న విమానమైనా ముందుగా ఫ్లైట్ ప్లాన్ ఇవ్వాలి. గగన రక్షణ విభాగం నుంచి ఒక అనుమతి సంఖ్య, ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్ నుంచి మరో సంఖ్య తీసుకోవాలి. కంటిచూపు మీద ఆధారపడి ఎగిరేవారికి మామూలుగా 5 కిలోమీటర్ల దూరం స్పష్టంగా కనిపించాలి. చలికాలం పొద్దున పొగమంచు పట్టిందా, ఆ పూటకి ఎదురుచూపులే!

కంట్రోలర్ ఎందుకంత బిగువుగా ఉంటాడు? దిగేటప్పుడు ఎయిర్‌బస్ ఎ320 వేగం గంటకు సుమారు 250 కిలోమీటర్లు. సెస్నా 152ది అందులో సగం కూడా ఉండదు. ముందు చిన్నది, వెనక పెద్దది ఉంటే మధ్యలో బోలెడు ఖాళీ వదలాలి. పోనీ పెద్దదాన్నే ముందు పంపిద్దామా అంటే, దాని రెక్కల కొసల నుంచి లేచే గాలి సుడులు చిన్న విమానాన్ని తిరగేసేయగలవు. అవి చల్లారేదాకా రెండు మూడు నిమిషాలు ఆగాల్సిందే.

ఆ ఆగడానికి ఖరీదు కట్టేది మాత్రం శిక్షణలో ఉన్న కుర్రాళ్ల తల్లిదండ్రులు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి. గంటకు వేల రూపాయల ఖర్చు. పొలం అమ్మో, అప్పు చేసో కట్టిన ఫీజులవి. వాతావరణం కుదిరి, విమానం దొరికి, అనుమతీ వచ్చేసరికి నెలలు గడిచిపోతుంటాయి. అలాగని చిన్నవాళ్లను ఊరవతలికి గెంటేస్తే సరిపోదు. రేపు ఎయిర్‌బస్ నడపాల్సింది వీళ్లే కదా! రద్దీ గగనతలంలో రేడియోలో మాట్లాడటం, ఆగమంటే ఆగడం ఎక్కడో ఒకచోట నేర్చుకోవాలి మరి.

నిబంధనలు ఊరికే పుట్టలేదు. 1986 ఆగస్టు 31, ఆదివారం. ఒక కుటుంబంలోని ముగ్గురితో బయల్దేరిన పైపర్ విమానం లాస్ ఏంజెలెస్ నియంత్రిత గగనతలంలోకి అనుమతి లేకుండా ప్రవేశించి, ఏరోమెక్సికో విమానాన్ని ఢీకొంది. రెండింటిలో ఉన్న 67 మందీ పోయారు. శకలాలు సెరిటోస్ అనే ఊళ్లో ఇళ్లమీద పడి మరో 15 మంది బలయ్యారు. పైపర్‌లో ఎత్తును రాడార్‌కు తెలిపే పరికరం లేదు. ఆ తర్వాతే అలాంటి గగనతలంలో చిన్న విమానాలకు ఆ పరికరం, పెద్ద విమానాలకు ఢీకొనే ముప్పును హెచ్చరించే టీకాస్ అమెరికాలో తప్పనిసరయ్యాయి. మనకు ఆ పాఠం 1996 నవంబరు 12న చర్ఖీదాద్రీలో అందింది. అక్కడ ఢీకొన్నవి రెండూ పెద్ద విమానాలే. 349 మంది మరణించారు.

ఇప్పుడీ వరసలో డ్రోన్లూ చేరాయి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపు నేల నుంచే ‘పసుపు’ జోన్. అంటే టవర్ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య, వేరే ఆంక్షలు లేకపోతే 200 అడుగుల వరకు ‘ఆకుపచ్చ’. బేగంపేట నుంచి నాచారం గాల్లో కొలిస్తే కాస్త అటూఇటూగా 8 కిలోమీటర్లే. ఉప్పల్ స్టేడియం ఇంకొంచెం అవతల. అంటే ఒక వీధిలో కుదిరేది పక్కవీధిలో కుదరకపోవచ్చు. పుట్టినరోజుకి పిల్లాడికి కొన్న డ్రోన్‌ను డాబా మీదికి తీసుకెళ్లేముందు ప్రభుత్వ ‘డిజిటల్ స్కై’ మ్యాపులో మీ వీధి ఏ రంగులో ఉందో ఒకసారి చూసుకోండి.