పసుపు కిట్‌లో 57 మాత్రలు

తెల్లబట్ట అవుతోందని, పొత్తికడుపు లాగేస్తోందని చెప్పగానే మన ఇళ్లలో వినబడే మాట ‘వేడి చేసింది’. సబ్జా నీళ్లు తాగిస్తారు, మజ్జిగ తాగిస్తారు. తెల్లబట్టంతా జబ్బు కాదు, నిజమే. కానీ దుర్వాసన, కలయికలో నొప్పి, జ్వరం తోడైతే అది పీఐడీ కావచ్చు. పూర్తి పేరు పెల్విక్ ఇన్‌ఫ్లమేటరీ డిసీజ్. క్లమీడియా, గనేరియా వంటి క్రిములు, ఒక్కోసారి యోనిలో మామూలుగా ఉండే బాక్టీరియా సైతం, ముఖద్వారం దాటి గర్భసంచిలోకి, ఫాలోపియన్ నాళాల్లోకి పాకుతాయి.

అసలు నష్టం నాళాల్లోనే. గర్భసంచికి ఆనుకున్న చోట నాళం లోపలి దారి మిల్లీమీటరుకు అటూ ఇటూ. గోడలకున్న సన్నని కేశాలు అండాన్ని ముందుకు నెడతాయి. వాపుకు ఆ కేశాలు రాలిపోతాయి, మడతలు అతుక్కుంటాయి. దారి పూర్తిగా మూసుకుంటే గర్భం రాదు. సగం మూసుకుంటే పిండం అక్కడే చిక్కుకుని పెరుగుతుంది, నాళం పగిలి ప్రాణం మీదికొస్తుంది. యాంటీబయాటిక్ క్రిమిని చంపుతుందే గాని మచ్చను మాన్పలేదు. స్వీడన్‌లోని లుండ్‌లో వెస్ట్రోమ్ బృందం 1960–84 మధ్య ఈ జబ్బు సోకిన స్త్రీలను ఏళ్ల తరబడి గమనించి, 1992లో ఫలితాలు ప్రకటించింది. నాళాలు చెడి సంతానం కలగనివారు ఒకసారి సోకినవారిలో 8 శాతం, రెండుసార్లయితే 19.5, మూడు అంతకు మించితే 40.

స్కానింగ్ మొదట్లో మామూలుగానే ఉండొచ్చు. ముఖద్వారాన్ని వేళ్లతో కాస్త కదిపితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చిందా అన్నదే డాక్టరుకు పెద్ద ఆధారం. ఆ పరీక్షకు సిగ్గుపడి వాయిదా వేసేవారూ ఉంటారు. చివరికి కొందరు గర్భసంచే తీయించుకుంటారు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో ఆ ఆపరేషన్ అయినవారు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. అన్నీ అనవసరమైనవని అనను. మాత్రలతో పోయే ఇన్‌ఫెక్షన్‌కు కత్తి పడిన సందర్భాలు మాత్రం ఆ లెక్కలో లేవనుకోలేం.

లైంగిక వ్యాధులకు చికిత్స చేసే ప్రభుత్వ సురక్ష క్లినిక్‌ల కోసం రూపొందించిన రంగుల కిట్లలో ఈ జబ్బుకు ఆరోది, పసుపుది. ఒక సెఫిక్సిమ్, 28 డాక్సీసైక్లిన్, 28 మెట్రోనిడజోల్; రెండు పూటలా 14 రోజులు. మూడోరోజుకే నొప్పి తగ్గుతుంది, మిగతావి గూట్లో ఉండిపోతాయి. భర్తకు బూడిదరంగు కిట్. అందులోవి ఒక్కపూటే మింగాల్సిన రెండు రకాల మందులు. అతను క్లినిక్‌కు రాడు గనక, దాన్ని ఇంటికి తీసుకెళ్లి ఎందుకో చెప్పాల్సిందీ ఆమే.