పువ్వుల పక్కనే పిస్తోలు... అర్పితా సింగ్ బొమ్మల్లో మన కలలు!

మధ్యాహ్నం పనులన్నీ ముగించుకుని కాస్త నడుం వాల్చారనుకోండి. కునుకు పట్టీ పట్టనట్టుంటుంది. ఎప్పుడో పోయిన అమ్మ ముఖం, టీవీ వార్తల్లో చూసిన తుపాకులు, పొద్దున కడిగి బోర్లించిన టీ కప్పులు... అన్నీ కలగాపులగంగా తేలిపోతుంటాయి. లేచాక "ఏమిటో పిచ్చికల" అని ముఖం కడుక్కుని పనిలో పడిపోతాం. ఆ పిచ్చికలే ఎంత నిజమో రంగుల్లో చూపించిన చిత్రకారిణి అర్పితా సింగ్.

అర్పిత 1937లో కలకత్తా దగ్గరి బారానగర్‌లో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. 1946లో తల్లితో ఢిల్లీ చేరారు. అక్కడి పాలిటెక్నిక్‌లో చిత్రకళ చదివి, చేనేత కళాకారుల కోసం ప్రభుత్వం నడిపే వీవర్స్ సర్వీస్ సెంటర్‌లో డిజైనర్‌గా పనిచేశారు. 1962లో చిత్రకారుడు పరంజిత్ సింగ్‌ను పెళ్ళాడారు. నేతతో పడిన ఆ పరిచయం ఆవిడ చేతిని వదల్లేదు. బొమ్మ చుట్టూ చీరకున్నట్టు అంచు, లోపల పువ్వులు, అంకెలు, అక్షరాలు! బెంగాలీ ఆడవాళ్ళు పాత చీరలు కలిపి కుట్టే కాంథా బొంత గుర్తుకొస్తుంది.

పేరు వస్తున్న రోజుల్లోనే ఆవిడ ఓ విచిత్రమైన పని చేశారు. 1970ల మధ్య నుంచి కొన్నేళ్ళపాటు మనుషుల బొమ్మలు వేయడం మానేశారు. వట్టి చుక్కలు, గీతలు! చేతిని మళ్ళీ మొదటినుంచి సాధన చేయించారన్నమాట. వాకిట్లో చుక్కలు పెట్టి గీతలు కలిపే మనకు ఆ ఓపిక ఏమిటో వేరే చెప్పాలా?

ఆ తరవాత మనుషులు తిరిగొచ్చారు. ఎవరనుకున్నారు? సినిమా తారల్లాంటి సన్నని నడుముల సుందరులు కాదు. నడివయసు దాటి, ఒళ్ళు కాస్త సడలిన మామూలు ఆడవాళ్ళు. గులాబీ, నీలం రంగుల మధ్య గాలిలో తేలుతున్నట్టుంటారు. చుట్టూ పువ్వులు, టీ కప్పులు, కార్లు, విమానాలు. ఎంత ముచ్చటగా ఉందో అనుకునేలోపే ఓ మూల పిస్తోలు కనబడుతుంది. గుండె ఝల్లుమంటుంది. నిజమే కదండీ, మన రోజులు మాత్రం అలా ఉండవూ? ఓ చేత్తో పోపు పెడుతూనే, ఇంకా ఇంటికి రాని అమ్మాయి కోసం గుమ్మం వైపు చూస్తుంటాం. ఆ బెంగ ఏ ఫొటోలోనూ పడదు. అర్పిత బొమ్మలో పడుతుంది.

1990లో వేసిన 'దేవీ పిస్తోల్ వాలీ' చూడండి. దేవతలా నాలుగు చేతులున్నాయి. కానీ ఆవిడ గుడిలో అమ్మవారు కాదు, చీర కట్టుకున్న సాదా ఇల్లాలు. ఓ చేతిలో పిస్తోలు! 1993 నాటి 'మై మదర్' మరీ కదిలిస్తుంది. దేశంలో అల్లర్లు రేగిన కాలమది. వెనక వీధిలో శవాలు, గందరగోళం. ముందు మాత్రం అర్పిత తల్లి పెద్దగా, నిబ్బరంగా నిలబడి ఉంటుంది. చిన్న వయసులో భర్తను పోగొట్టుకుని పిల్లలను నెట్టుకొచ్చిన అమ్మ అలాగే నిలబడుతుంది మరి!

లోకమూ ఆవిడను గుర్తించింది. పదహారు కాన్వాసులు కలిపి వేసిన 'విష్ డ్రీమ్' 2010లో వేలంలో 9 కోట్ల 56 లక్షల రూపాయలకు పైగా పలికింది. అప్పటికి భారతీయ చిత్రకారిణి బొమ్మకు అంత ధర రావడం అదే మొదటిసారి. 2011లో పద్మభూషణ్ వచ్చింది. 2025లో లండన్‌లోని సర్పెంటైన్ గ్యాలరీలో ఆవిడ చిత్రాల ప్రదర్శన జరిగింది.

"బొమ్మలు మాకేం అర్థమవుతాయి" అని వెనకాడకండి. ఈసారి ఏ పుస్తకంలోనైనా అర్పిత చిత్రం కనబడితే గబుక్కున పేజీ తిప్పేయకండి. ముందు పువ్వులు చూడండి. తరవాత పిస్తోలు వెతకండి. చివరగా ఆ ఆడమనిషి ముఖం చూడండి. ఎక్కడో చూసినట్టుందే అనిపిస్తుంది. ఎక్కడో కాదు, మీ ఇంటి అద్దంలోనే!