పాత పెట్రోలు ఇంజను: డిస్ట్రిబ్యూటరు, ప్లగ్గు తీగల అమరిక



కల్లములో ధాన్యము బస్తాలకెత్తి, ట్రైలరు నింపి, మబ్బు క్రమ్ముచుండగా జీపు మొరాయించిన రైతు పడు ఆందోళన మీరెరుగనిది కాదు. ఒక గ్రామములో నేను చూచిన జీపున చెడినదేమియు లేదు. శుభ్రము చేయుటకు ప్లగ్గుల తీగలన్నియు ఒక్కసారిగా ఊడదీసి, తోచినట్లు తగిలించిరి. ఆ సాయంత్రము బస్తాలు తడిసినవి.

డీజిలు ట్రాక్టర్లకు డిస్ట్రిబ్యూటరు ఉండదు. కావున పాత విల్లిస్ జీపు యొక్క నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజనునే ఉదాహరణముగ తీసికొందము.

నీరుగంటి చెరువు నీటిని వంతు ప్రకారము పొలములకు మళ్ళించునట్లు, డిస్ట్రిబ్యూటరులోని రోటరు కాయిలు నుండి వచ్చు విద్యుత్తును వంతుల వారీగా ప్లగ్గులకు పంచును. ఇంజను రెండు చుట్లు తిరుగునప్పటికి రోటరు ఒక చుట్టు తిరుగును. ఈ ఇంజనులో వంతు 1-3-4-2. రేడియేటరు వైపున ఉన్నది 1వ సిలిండరు.

అమర్చు విధము:

1. గేరు న్యూట్రలులో నుంచి, తాళము తీసివేయుడు. పాయింట్లు పూర్తిగా తెరచుకొన్నపుడు వాని మధ్య ఎడము 0.020 అంగుళము, ప్లగ్గుల ఎడము 0.030 అంగుళము ఉండునట్లు ఫీలరు గేజితో సరిచేయుడు. పాయింట్ల ఎడము మారిన టైమింగు కూడ మారును. కనుక ఈ పని ముందే చేయవలెను.

2. 1వ ప్లగ్గు తీసి, రంధ్రముపై వ్రేలుంచి, మరియొకరిచే హ్యాండిలుతో ఇంజనును మెల్లగా త్రిప్పించుడు. గాలి వ్రేలిని బలముగా నెట్టునపుడు పిస్టను పైకి వచ్చుచున్నదని తెలియును. పిస్టను పైకొసకు చేరుటకు 5 డిగ్రీల ముందున్న గుర్తువద్ద ఆపుడు.

3. మూత తీసి చూడుడు. రోటరు చూపుచున్న గూటికి 1వ సిలిండరు తీగ తగిలించుడు. అచ్చట నుండి రోటరు తిరుగు దిశలోనే 3, 4, 2 తీగలను వరుసగా పెట్టుడు.

4. బ్యాటరీ ఓల్టేజికి తగిన చిన్న బల్బును కాయిలుకు డిస్ట్రిబ్యూటరు తీగ వచ్చు కొసకును, ఇంజను లోహమునకును కలిపి, తాళము వేయుడు. బిగింపు వదలు చేసి, బల్బు ఆరువరకు డిస్ట్రిబ్యూటరును రోటరు తిరుగు దిశలో త్రిప్పుడు. పిమ్మట వెనుకకు మెల్లగా త్రిప్పుచు, బల్బు వెలిగిన క్షణముననే ఆపి బిగించుడు. తాళము తీసి, బల్బును తొలగించి, ప్లగ్గును తిరిగి బిగించుడు.

నిప్పురవ్వ మరీ ముందుగా వచ్చిన, హ్యాండిలు వెనుకకు తన్ని మణికట్టు విరుగవచ్చును. హ్యాండిలు పట్టునపుడు బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ళ వైపుననే ఉంచవలెను. తీగలు తారుమారైన కార్బురేటరు నుండి మంట వెలువడవచ్చును. పెట్రోలు కారుచుండగా ఇంజనును నడుపరాదు.

తీగలను ఊడదీయుటకు ముందు ప్రతి తీగకు అంకె వ్రాసిన చీటి కట్టుడు. పైసా ఖర్చులేని ఈ జాగ్రత్త కోతల కాలమున మీ పంటను ఇల్లు చేర్చును.