వినికిడి మాటయు, రాతి మాటయు

మన యింటి బాలిక పాఠశాలకై రాణి రుద్రమదేవిని గూర్చి వ్యాసము వ్రాయుచున్నదనుకొందము. ఆమె గణపతిదేవుని భార్యయని యొక గ్రంథమునను, కుమార్తెయని వేఱొక గ్రంథమునను గలదు. “అమ్మా, ఏది నిజము?” అని బిడ్డ యడుగును. “పెద్ద పుస్తకములో నున్నది వ్రాయుము” అని మనము తప్పించుకొనరాదు. ఆ సందేహమే విద్యకు మొదలు.

ఆధారములు రెండు తెఱగులు. ఆ కాలమువారే వ్రాసినది, చెక్కించినది మూలాధారము. దానిని జదివి పిమ్మటివారు వ్రాసినది రెండవ తెగ; మన పాఠ్యగ్రంథములు దీనిలోనివే. దారి చూపుటకు రెండవది మేలు. తగవు తీర్చుటకు మొదటిదానికడకు బోవలెను.

అయినను మూలాధారమందలి ప్రతిమాటయు సత్యము కాదు. వెనీసు యాత్రికుడు మార్కోపోలో మోటుపల్లి సీమను గూర్చి చెప్పుచు, అచటి రాణి గతించిన రాజునకు భార్యయనెను. ఆతడు రుద్రమదేవి కాలమువాడే. కాని యా వృత్తాంతము 1298లో జెనోవా చెరసాలయందు ఆతడు చెప్పగా మఱియొకడు వ్రాసినది. వస్త్రములను, వజ్రములను గూర్చి వర్తకుని మాటకు విలువ గలదు. రాచయింటి బంధుత్వము పరదేశికి వినికిడియే. గుంటూరు జిల్లా మల్కాపురమునందలి 1261 నాటి శాసనము మందడ గ్రామదానమును దెల్పుచు, ఆమెను గణపతిదేవుని కుమార్తెగా బేర్కొనుచున్నది. బంధుత్వమున నీ మాటయే ప్రమాణము.

రాతిమాటకును హద్దు గలదు. నల్లగొండ జిల్లాలోని చందుపట్ల శాసనము 1289లో ఆమె శివలోకప్రాప్తిని దెల్పును. అంబదేవునితోడి యుద్ధమున మడిసెనని పండితులు కొందఱు తలచిరి. ఆ మాట రాతిపై లేదు. “శాసనము చెప్పుచున్నది” అనుటకును, “పండితులు తలచుచున్నారు” అనుటకును గల భేదమును బాలిక తన వ్యాసమున జూపవలెను.

ఇది మనకు గ్రొత్త విద్య కాదు. పెండ్లి సంబంధము వచ్చినపుడు మధ్యవర్తి మాటను, ఇరుగుపొరుగుల మాటను, మనము కన్నులార జూచినదానిని వేఱుచేసి తూచుకొనుట లేదా? ఎవరు చెప్పిరి, ఎప్పుడు చెప్పిరి, కన్నదియా విన్నదియా, ఎవరి మెప్పుకొఱకు? ఈ నాలుగు ప్రశ్నలను బిడ్డకు నేర్పుదము. ఆమె వ్రాయు వ్యాసము చిన్నదైనను, అందలి ప్రతిమాటకును తానే జవాబు చెప్పుకొనగలదు.