ఒక తేదీ, ఒక బొమ్మల కథ

ప్రతి సంవత్సరము జనవరి 30వ తేదీన ఉదయము పదునొకండు గంటలకు మన దేశమునందు రెండు నిమిషముల మౌనము పాటించుట ఆచారము. 1948వ సంవత్సరమున ఆ తేదీ సాయంకాలము ఢిల్లీ నగరమందలి బిర్లా భవనమున ప్రార్థనసభకు నడచిపోవుచున్న గాంధీ మహాత్ముడు తుపాకి గుండ్లకు గురియై నేలకొరగెను. ఒకానొక సంవత్సరము ఆ మౌనము ముగిసిన పిమ్మట పై తరగతి విద్యార్థి యొకడు మా యొద్దకు వచ్చి, "మాస్టారూ! ఈ దినమునకును అమెరికావారి బొమ్మల కథ యొకదానికిని సంబంధము కలదట. నిజమేనా?" అని యడిగెను. ఆ కథయందు అతనికి మిక్కిలి మక్కువ యని మే మెరుగుదుము. నిజమే యని చెప్పితిమి గాని, ఆ సంబంధ మెట్టిదో గంట కొట్టులోపల వివరించుటకు వీలు కాలేదు. అతనికి మేము బాకీపడిన జవాబునే యిచ్చట వ్రాయుచున్నాము. తల్లిదండ్రులును దీనిని చదువ వేడుచున్నాము.

ఆ కథ పేరు "క్లోన్ హై". బొమ్మలు గీచి, వానిని కదలించి, టెలివిజనుకొరకు కూర్చిన హాస్యకథ యిది. ఫిల్ లార్డు, క్రిస్టఫర్ మిల్లరు, బిల్ లారెన్సు అను మువ్వురు దీనిని కల్పించిరి. ఇది 2002 నవంబరు 2వ తేదీన కెనడా దేశమందును, 2003 జనవరి 20వ తేదీన అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఎం.టి.వి. యందును మొదటిసారి ప్రసారమయ్యెను. అప్పుడు తయారైనవి 13 భాగములు.

ఒక జీవి కణమునుండి అచ్చముగ దానినే పోలిన మరియొక జీవిని పుట్టించినచో ఆ రెండవదానిని క్లోను అందురు. 1996లో స్కాట్లండునందు డాలీ యను గొర్రెపిల్ల యిట్లే పుట్టెను. ఈ కథలో రహస్యముగ పనిచేయు కొందరు అధికారులు పూర్వకాలపు ప్రసిద్ధుల అవశేషములనుండి క్లోనులను పుట్టించి, వారు యుక్తవయస్సునకు రాగా అందరిని ఒకే హైస్కూలులో చేర్చిరి. అబ్రహాము లింకను, జోన్ ఆఫ్ ఆర్కు, క్లియోపాత్రా, జాన్ కెన్నెడీ, గాంధీ అచ్చట సహాధ్యాయులు! లింకను మంచివాడే గాని, యే సంగతియు తేల్చుకొనలేని పొడుగాటి కుఱ్ఱడు. జోను అతనిని ప్రేమించియు పైకి చెప్పజాలదు. అతడో, క్లియోపాత్రాను తలచుచు తిరుగును. అమెరికా టెలివిజనులో యువకులను గూర్చిన కథలు వారమున కొక గంభీరమైన నీతిని చెప్పి కన్నీరు పెట్టించుట వాడుక. ఆ వాడుకను ఎగతాళి చేయుటయే ఈ కథయొక్క ముఖ్యోద్దేశము.

ఇట్టి కథ నభిమానించువారికి తేదీలు వెదకుట యొక వేడుక. వెదకినవారికి దొరకకపోవు. అమెరికాలో ఇది మొదలైన జనవరి 20వ తేదీననే, 1961లో, నిజమైన కెన్నెడీ అధ్యక్షపదవీ ప్రమాణము చేసెను. ఇరువదేండ్ల పిమ్మట ఈ కథ తిరిగి ప్రారంభమైనది 2023 మే 23వ తేదీన. అదే మే 23వ తేదీన, 1430లో, నిజమైన జోను కొంపియేన్ పట్టణమువద్ద శత్రువులకు చిక్కెను. ఇవి చూచి బాలురు ఆశ్చర్యపడుదురు.

ఈ ఆశ్చర్యమును కొంచెము లెక్కవేసి చూతము. కథలోని ముఖ్యులు ఐదుగురు. ఒక్కొక్కరి జీవితమున జననము, మరణము, విజయము, అపజయము మొదలైన ముఖ్యదినములు పదేసి యనుకొన్నచో మొత్తము ఏబది తేదీలు. సంవత్సరమునకు 365 దినములు. అనగా సగటున వారమునకొక ముఖ్యదినము వచ్చుచున్నది. ఇక కథ ఏ దినమున మొదలైనను దాని ప్రక్కనే యేదో యొకటి తగులక మానదు. కావున ఇట్టి కలయికలు దేనికిని ఋజువులు కావు. ఎవరో యెంచి యా దినమును పెట్టిరని వానినిబట్టి తలపరాదు.

ఐనను కాకతాళీయమైన తేదీయు ఒక తలుపు వంటిది. తెరచి లోనికి పోవువానికి లాభమే. మే 23వ తేదీని చూచినవాడు "జోను ఎట్లు చిక్కెను? తరువాత నేమయ్యెను?" అని యడిగెనేని, ఆమెను ఇంగ్లీషువారికి అమ్మివేసిరనియు, రువాను పట్టణమున విచారించి 1431 మే 30వ తేదీన సజీవముగ దహించిరనియు తెలిసికొనును. అప్పటి కామె వయస్సు సుమారు 19 ఏండ్లు. మా పై తరగతి బాలికలకంటె మూడు నాలుగేండ్లు మాత్రమే పెద్ద. 1456లో ఆ తీర్పు చెల్లదని మరల తీర్పు చెప్పబడెను. 1920లో రోమను కతోలిక సంఘము ఆమెను పరిశుద్ధురాలిగా ప్రకటించెను. బొమ్మల కథలో మాట పెగలని జోనును చూచి నవ్విన బాలిక, న్యాయసభలో నిర్భయముగ బదులు చెప్పిన ఈ జోనును గూడ ఎరుగవలదా?

ఇక మా విద్యార్థి యడిగిన తేదీకి వచ్చుచున్నాము. కథలోని గాంధీ ఎట్టివాడు? విందులు, అల్లరి, తోటివారి మెప్పు కోరు చపలచిత్తుడు. మహాత్మునివలె బ్రతుకవలెనను భారమును మోయలేక యిట్లయ్యెనని కథకుల భావము. మన దేశమున ఈ వార్త పొక్కగా చాలమందికి మనస్తాపము కలిగెను. 2003 జనవరి 30వ తేదీన, అనగా మహాత్ముని 55వ వర్ధంతినాడు, రాజకీయనాయకులును ఇతరులును ఢిల్లీలో చేరి ఉపవాసము పూనిరి. ఎం.టి.వి. వారు క్షమాపణ చెప్పుకొని, ఇది అమెరికా ప్రేక్షకులను ఉద్దేశించి చేసినదని వివరించిరి. కథకు రెండవ వరుస వెలువడలేదు.

ఈ కలయిక మునుపటివాని వంటిది కాదు. ఇక్కడ తేదీని మనుష్యులు బుద్ధిపూర్వకముగ నెంచుకొనిరి. నిరసనకు ఎంచుకొన్న విధమును గమనింపుడు. 1948 జనవరి 13వ తేదీ మొదలు 18వ తేదీవరకు మహాత్ముడు అదే ఢిల్లీలో, మతకలహములు మానవలెనని, తన చివరి ఉపవాసము చేసెను. ఆయన దినమున, ఆయన నగరమున, ఆయన మార్గముననే వారు తమ బాధను తెలిపిరి.

"కెన్నెడీని, లింకనును పరిహసించినపుడు అమెరికావారు నొచ్చుకొనలేదు గదా! మనమేల నొచ్చుకొనవలె?" నని కొంద రభిమానులు వాదింతురు. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. మా సమాధాన మిది. ఇంటి తాతను మనుమలు హాస్యమాడుట వేరు, పొరుగువారు హాస్యమాడుట వేరు. క్లియోపాత్రా చనిపోయి రెండువేల యేండ్లు దాటినది. ఆమెకై యేడ్చువారు లేరు. గాంధీని కన్నులార చూచినవారు 2003లో ఇంకను మన గ్రామములలో నుండిరి. 1921లో బెజవాడలో కాంగ్రెసు సభ జరిగినప్పుడు ఆయనను చూచివచ్చిన పెద్దల మాటలు ఎన్ని యిండ్లలో చెప్పుకొనలేదు? వర్ధంతి యనునది కొందరికి పాఠ్యపుస్తకములోని యంకె. మరికొందరికి ఇంటిలోని దుఃఖము. హాస్యమాడువాడు అది ఏదో తెలిసికొని మరీ నోరు విప్పవలెను.

అటులని నవ్వినవారందరు దుర్మార్గులనుటయు న్యాయము కాదు. కథకులు ద్వేషముతో వ్రాసినట్లు మాకు తోపదు. వారు పేరును తీసికొనిరి గాని, ఆ పేరుతో వచ్చు తేదీలను తీసికొనలేదు. దోష మదియే. 2023లో కథ తిరిగి వచ్చినపుడు, ఇరువదేండ్లు మంచులో గడ్డకట్టియున్న విద్యార్థులు మేల్కొందురు. గాంధీని మాత్రము మరల ముఖ్యపాత్రగ నడిపింపలేదు. క్రొత్తగ వచ్చినవారిలో కొలంబసు క్లోను తన పేరు చెప్పుకొన సిగ్గుపడి మారుపేరుతో తిరుగును. 1492 అక్టోబరు 12వ తేదీని పండుగగ జరుపుకొన్న అమెరికాలో, పలుచోట్ల ఆ పండుగదినమును ఆదివాసుల దినముగ మార్చుకొనిరి. ఆ మార్పు తెలియనివానికి ఈ హాస్యము సగమే తెలియును. 2024లో ఆ క్రొత్త వరుసలును ముగిసినవి.

విద్యార్థులారా! మీ అభిమానమును విడువుడని మేము చెప్పము. ఒక్క పని చేయుడు. మీకిష్టమైన పాత్ర పేరున ఒక కాగితము తీసికొని, ఆ పేరుగల నిజమైన మనుష్యుని జీవితమునుండి మూడు తేదీలు వ్రాయుడు. ఒక్కొక్క తేదీకి ఎదురుగ, ఆ దినమున ఎవరు సంతోషించిరో, ఎవరు ఏడ్చిరో వ్రాయుడు. ఆ పిమ్మట కథను మరల చూడుడు. ఎక్కడ నవ్వవలెనో, ఎక్కడ నవ్వు ఆగునో మీకే తెలియును. తల్లిదండ్రులారా! ఈ కథ చిన్నపిల్లలకు తగినది కాదు. పెద్దపిల్లలు చూచుచో ప్రక్కన కూర్చుండి, మీ తాతలనాటి సంగతులు వారికి చెప్పుడు.

మా యొద్దకు వచ్చిన బాలుడు మౌనము ముగిసిన తరువాత గదా ప్రశ్న యడిగెను! ఆ రెండు నిమిషములు ఊరక నిలువక, ఆలోచించుచునే నిలిచియుండెనన్న మాట. అందుకు మేము సంతోషించితిమి.